పెరట్లో పుష్పకం

"పాత ఇనప సామాన్లు కొంటాం! పాత పేపర్లు, సీసాలు కొంటాం!"

వీధి మలుపులో ఆ కేక వినపడగానే, పొయ్యి మీద పప్పు కూడా వదిలేసి వాకిట్లోకి పరిగెత్తాను. మామూలు రోజుల్లో అయితే కబాడీ అబ్బాయి నాలుగుసార్లు అరిచినా పలకను. కానీ ఆ రోజు నాకు వాడు సాక్షాత్తూ దేవుడిలా కనిపించాడు. "ఏమయ్యా, ఇటు రా! పెరట్లో ఉన్నదంతా తూకం వేసుకుని పట్టుకుపో" అన్నాను.

కారణం లేకపోలేదు. మా అన్నయ్య కొడుకు మా ఇంట్లో ఉండి ఇంజనీరింగు చదువుకుంటున్నాడు. ఇబ్రహీంపట్నం అంటే బెజవాడ పక్కనున్నది కాదండోయ్, హైదరాబాదు నుంచి సాగర్ రోడ్డు మీద వచ్చే మా పెద్ద చెరువు ఇబ్రహీంపట్నం. ఒకప్పుడు చెరువు చూపించి మా ఊరి గుర్తు చెప్పేవాళ్ళం, ఇప్పుడు ఇంజనీరింగు కాలేజీలు చూపించి చెబుతున్నాం. మా వాడి చదువు కాలేజీలో, మనసు మాత్రం మా పెరట్లో. అక్కడ మా మామగారి పాత మోపెడ్డు అస్థిపంజరం, రెండు సైకిలు ఫ్రేములు, మూడు చక్రాలు, ఒక డబ్బా నిండా నట్లూ బోల్టులూ ఉన్నాయి. నెల రోజులు కష్టపడి మోపెడ్డు ఇంజనుని సైకిలుకి బిగించాడు. ముందురోజు సాయంత్రం "అత్తమ్మా, చూడు!" అంటూ ఎక్కాడు. బండి కదిలింది. నేను చప్పట్లు కూడా కొట్టాను. తీరా ఆపాల్సి వచ్చేసరికి బ్రేకు వైరు జారిపోయింది. బండి వెళ్ళి బట్టలుతికే బండకి కొట్టుకుంది. వాడి మోకాలు చీరుకుపోయింది. అంతకంటే ఏమీ కాలేదు, మా బంగారుకొండ అదృష్టం. అన్నయ్యకి నేనేం సమాధానం చెప్పేదాన్ని?

ఇహ కబాడీ అబ్బాయి తరాజు దించి, ముందుగా మోపెడ్డు ఫ్రేము ఎత్తాడు. ఎత్తి, దించేశాడు. "ఇది తిరుపతి బండి కదమ్మా! మా నాయిన గిసొంటి బండి మీదనే తిరిగేటోడు" అన్నాడు.

నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. మా మామగారు బడిపంతులు. యాచారం, మంచాల వైపు పల్లెల్లో పని చేస్తూ ఆ బండి మీదే వెళ్ళొచ్చేవారట. నేను కాపురానికొచ్చేనాటికే అది పెరడు చేరింది. "పేపర్లు మాత్రం పట్టుకుపో. ఇనుము సంగతి వచ్చే వారం చూద్దాం" అన్నాను. అబ్బాయి నవ్వి తరాజు సర్దుకున్నాడు.

ఆ వారం రోజుల్లో నేను చేసిన పని ఒకటే. బి.ఏ.లో చరిత్ర చదివిన దాన్ని కదా, రాజుల తేదీలన్నీ మర్చిపోయినా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో కూర్చుని పాత ఇనుముతో బండి కట్టడం అనే ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో చూద్దామని పుస్తకాలు ముందేసుకున్నాను.

మొదట మన సంగతే చెబుతాను. తిరుపతి బండి అంటే సువేగా. ఫ్రాన్సు వాళ్ళ మోబిలెట్ నమూనాని మోపెడ్స్ ఇండియా అనే కంపెనీ 1960ల్లో తిరుపతిలో చెయ్యడం మొదలుపెట్టింది. సైకిలులాగే పెడళ్ళుంటాయి. తొక్కుతూ ఉంటే ఇంజను అందుకుంటుంది. పెట్రోలు అయిపోతే సైకిలులా తొక్కుకుంటూ ఇంటికి రావచ్చు. వెంకన్న దర్శనానికి వెళ్ళి లడ్డూతో పాటు మోపెడ్డు కూడా తెచ్చుకున్నారని జనం హాస్యమాడేవారట. తరవాత 1972లో పుణె నుంచి లూనా వచ్చింది, 1980లో హోసూరు నుంచి టీవీయస్ 50 వచ్చింది. హైదరాబాదు ఆల్విన్ వారి పేరుతో పుష్పక్ అనే స్కూటరు కూడా మన రోడ్ల మీద తిరిగింది.

అప్పట్లో స్కూటరు కావాలంటే డబ్బుంటే చాలదు, ఓపికుండాలి. పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. బజాజ్ స్కూటరుకి పదేళ్ళు ఎదురుచూసిన వాళ్ళూ ఉన్నారు. అమ్మాయి పుట్టగానే స్కూటరు బుక్ చేస్తే పెళ్ళీడుకి అల్లుడికి ఇవ్వడానికి వస్తుందని మా అమ్మ తరంవాళ్ళు నవ్వుకునేవారు. నవ్వుతూనే కొందరు ఆ కట్నం పెట్టారు కూడా. అంచేత చేతికొచ్చిన బండిని ఎవరూ పారెయ్యలేదు. విరిగిన చోట వెల్డింగు పెట్టించారు. ఒక బండి చచ్చిపోతే దాని కార్బురేటరు ఇంకో బండికి, సీటు మూడో బండికి ప్రాణదానం చేశాయి. హైదరాబాదులో పురానాపూల్ దగ్గర జుమ్మెరాత్ బజారు ఉంది చూశారూ, జుమ్మెరాత్ అంటే గురువారం. పాత సామాన్లకి అది కాశీ. అక్కడ చేరిన చక్రానికి చావు లేదు, పునర్జన్మే!

కాళ్ళు స్వాధీనంలో లేనివారి కోసం స్కూటరు వెనక చక్రానికి అటొకటీ ఇటొకటీ చిన్న చక్రాలు కట్టే మెకానిక్కుల్ని మీరూ చూసే ఉంటారు. గొప్ప ఇంజనీర్లు ఎవరూ చెప్పకుండానే, వచ్చిన మనిషి కాలు చూసి, చెయ్యి చూసి, కొలతలు పెట్టి కట్టి ఇస్తారు. దర్జీ జాకెట్టు కుట్టినట్టే! ఇంట్లో కట్టే బండి అసలు గొప్పతనం అదే. కంపెనీ బండి అందరికీ సరిపోతుంది. ఇది ఒక్కరికి సరిపోతుంది.

ఇంతకీ ఆ పక్క చక్రాల వెనక ఎంత చరిత్ర ఉందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ప్రపంచంలో మొట్టమొదటి పెట్రోలు మోటారు సైకిలు అని చెప్పుకునే బండికి కూడా సరిగ్గా అలాగే రెండు చిన్న పక్క చక్రాలున్నాయి. అది 1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి కట్టినది. ఎక్కడ కట్టారనుకున్నారు? ఫ్యాక్టరీలో కాదు. డైమ్లర్‌గారి ఇంటి తోటలో మొక్కల కోసం కట్టుకున్న అద్దాల గదిలో! లోపల పగలూ రాత్రీ టకటకమని చప్పుళ్ళు వింటూ తోటమాలికి అనుమానం వచ్చింది, దొంగ నాణేలు గుద్దుతున్నారేమోనని. పోలీసులకి చెప్పాడు. వాళ్ళొచ్చి చూస్తే ఇంజన్లు తప్ప ఏమీ లేవు. ఆ మాట చదివి మా పక్కింటి పిన్నిగారిని తలుచుకున్నాను. "మీ మేనల్లుడు రాత్రి పదింటికి కూడా ఏం కొడుతున్నాడమ్మా?" అని ఎన్నిసార్లు అడిగారో!

ఆ బండి ఫ్రేము కొయ్యది. శక్తి అర హార్స్‌పవరు. ఆ నవంబరులో డైమ్లర్ కొడుకు పాల్ దాన్నెక్కి పక్క ఊరికి బయల్దేరితే, ఇంజనుకి నిప్పందించే గొట్టం సరిగ్గా సీటు కిందే ఉండటంతో సీటు అంటుకుంది. చూశారా, ఇంజను కట్టినాయన ఆలోచనంతా బండి ఎలా పరుగెడుతుందన్న దాని మీదే. మీద కూర్చునే వాడి సంగతి తరవాత! మోకాలికి కట్టు కట్టుకున్న మా వాడికి ఈ కథ చెబితే పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు.

మూడేళ్ళ తరవాత, 1888 ఆగస్టులో, అదే జర్మనీలో ఇంకో ఇల్లాలు ఒక పని చేసింది. ఆవిడ పేరు బెర్తా బెంజ్. పెళ్ళికి ముందే తన కట్నం డబ్బులో కొంత తెప్పించి, కాబోయే భర్త కార్ల్ బెంజ్ వర్క్‌షాపు నిలబెట్టిన మహాతల్లి. ఆయన సైకిలు పుల్లల చక్రాలు మూడు పెట్టి మోటారు బండి కట్టాడు గానీ, కొనేవాళ్ళు లేరు. ఒక తెల్లవారుజామున భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని బెర్తా ఆ బండి తోలుకుంటూ పుట్టింటికి బయల్దేరింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి, నూరు కిలోమీటర్ల పైమాట. అలిగి కాదు సుమండీ, బండి పరువు నిలబెట్టడానికి!

దారిలో ఇంధనం గొట్టానికి ఏదో అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. వైరు ఒరుసుకుంటే మేజోడు పట్టీ తీసి చుట్టింది. ఇంధనం మందుల షాపులో కొంది. దిగుడు రోడ్డులో కొయ్య బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆపించి, వాటికి తోలు అతికించి మేకులు కొట్టించింది. ఈనాడు మన బండ్లన్నిట్లో ఉన్న బ్రేకు లైనింగుకి అక్కడే శ్రీకారం. పరుగెత్తే బండిని భర్త కట్టాడు, ఆగే బండిని భార్య చేసింది!

ఆ వాక్యం రాసుకుని ఆ రాత్రి నిద్రపోలేకపోయాను. నేను ఒక రోజు ముందు చేసిన పని చప్పట్లు కొట్టడం. ఎక్కేముందు "ఎలా ఆపుతావురా?" అని ఒక్క మాట అడిగానా?

మా వాడు చేసిన పని, అంటే సైకిలుకి ఇంజను కట్టడం, అచ్చంగా అదే పని చేసి లోకప్రసిద్ధుడైనాయన ఒకరున్నారు. ఆయన సొయిచిరో హోండా. 1946లో జపాను యుద్ధంలో ఓడి బూడిదైపోయి ఉంది. బస్సులూ రైళ్ళూ కిటకిట. పెట్రోలుకి రేషను. ఆయన భార్య సాచీ తిండిగింజల కోసం సైకిలు తొక్కుకుంటూ దూరాభారం పోయి వస్తుండేది. సైన్యం వాళ్ళ రేడియోలకి కరెంటు పుట్టించడానికి చేసిన చిన్న ఇంజను ఒకటి హోండాకి ఒక స్నేహితుడింట్లో కనిపించింది. తెచ్చి సైకిలుకి కట్టాడు. మరి పెట్రోలు ట్యాంకో? ఇంట్లో కాళ్ళకి కాపడం పెట్టుకునే వేణ్ణీళ్ళ సీసా! ఇంటి ఇల్లాలి సామాను ఎక్కడికి పోతుందో చూశారా. మా ఇంట్లోనూ నూనె డబ్బా ఒకటి మాయమైంది, అది ఇప్పుడు నట్లూ బోల్టుల పెట్టె.

ఆ బండిని జనం ఉన్న వీధిలో నడిపి చూసింది సాచీగారే. పదిమందిలోకి వెళ్ళాలి కదా అని తనకున్న వాటిలో మంచి మోంపే, అంటే వదులు పైజామా లాంటిది, వేసుకుని వెళ్ళింది. ఇంటికొచ్చేసరికి కార్బురేటరు వెనక్కి చిమ్మిన నూనెతో అది కాస్తా పాడైపోయింది. ఇలాగైతే కొన్నవాళ్ళు వచ్చి తిడతారని భర్తకి చెప్పింది. మామూలుగా అయితే నోరు మూసుకోమనే మనిషి, ఆ రోజు నిజమేనేమోనని ఒప్పుకున్నాడట. అలాంటి పాత ఇంజన్లు దాదాపు అయిదువందలు సైకిళ్ళకి కట్టి అమ్మారు. అవి అయిపోయాక సొంత ఇంజను చేసుకున్నారు. 1948లో హోండా కంపెనీ ఏర్పడింది. 1958లో వాళ్ళు చేసిన సూపర్ కబ్ అనే చిన్న బండి 2017 నాటికి పది కోట్లు దాటింది. మొదలు మాత్రం ఒక ఇల్లాలి సైకిలూ, ఒక వేణ్ణీళ్ళ సీసానూ!

అదే 1946లో ఇటలీలో వెస్పా పుట్టింది. బాంబులతో కూలిన విమానాల ఫ్యాక్టరీ పియాజియోది. దాన్ని గీసిన కొర్రాడినో దాస్కానియో విమానాల ఇంజనీరు. ఆయనకి మోటారు సైకిలంటే గిట్టదు. బట్టలకి మురికి అంటుతుందనీ, టైరు మార్చడం నరకమనీ విసుగు. అందుకే ముందు రేకు అడ్డం పెట్టాడు, ఇంజన్ని కప్పేశాడు, కాలెత్తకుండా ఎక్కేందుకు మధ్యలో దారి వదిలాడు, విమానం చక్రంలాగే ఒక వైపు మాత్రమే పట్టు ఉండేలా ముందు చక్రం బిగించాడు. మన అమ్మలు స్కూటరు వెనక చీరలతో పక్కకి తిరిగి కూర్చుని సినిమాకి వెళ్ళగలిగారంటే ఆయన విసుగే కారణం.

ఇవన్నీ దూరపు కొండలు అనుకోకండి. ఆ ఆదివారం మా వాణ్ణి హైదరాబాదులో బహదూర్‌పురా తీసుకెళ్ళాను. జూపార్కుకి దగ్గర్లో సుధా కార్ల మ్యూజియం ఉంది. కన్యాబోయిన సుధాకర్‌గారు పద్నాలుగేళ్ళ వయసులోనే తుక్కు సామాన్లతో బండి కట్టడం మొదలుపెట్టిన మనిషి. 2010లో ఈ మ్యూజియం తెరిచారు. కప్పు ఆకారంలో కారు, క్రికెట్ బ్యాటు కారు, సోఫా కారు. మహిళా దినోత్సవానికని ఎత్తుమడమల చెప్పు కారు, హ్యాండ్‌బ్యాగు కారు, లిప్‌స్టిక్ కారు! నడిచే బండ్లే అన్నీ. ముప్ఫైమూడు సెంటీమీటర్ల ఎత్తున్న బుల్లి మోటారు సైకిలు కూడా ఉంది. 2005 జులై 1న హైదరాబాదులో ఆయన తొక్కిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, ఒక్కో పెద్ద చక్రం 17 అడుగులు. గిన్నిస్ వాళ్ళు లోకంలోకెల్లా పెద్దదని రాసుకున్నారు.

మా వాడు గంటసేపు కదల్లేదు. నేను మాత్రం ప్రతి బండి దగ్గరా వంగి, బ్రేకు ఎక్కడుందా అని వెతికాను. పక్కనున్నావిడ నా చెవిపోగు పడిపోయిందనుకుని తనూ వెతకడం మొదలుపెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు సాగర్ రోడ్డు మీద మాకు తెలిసిన పెద్ద మెకానిక్కు దగ్గర ఆగాం. మా వాడి మోకాలు చూసి ఆయన అడిగిన మొదటి మాట, "సైకిలు బ్రేకు పెట్టినవా బిడ్డా?" అని. తరవాత విడమర్చి చెప్పాడు. వేగం రెండింతలైతే ఆపడానికి కావలసిన బలం రెండింతలు కాదు, నాలుగింతలు. గంటకి 15 కిలోమీటర్లు పోయే సైకిలుని ఆపే రబ్బరు ముక్క, 40 పోయే బండిని ఆపాలంటే ఏడింతలు పని చెయ్యాలి. పైగా ఇంజను బరువు అదనం. "ఇంజను, సీటు, హ్యాండిలు ఏదన్న తుక్కుల తెచ్చుకో. బ్రేకు వైరు మాత్రం కొత్తది కొనుక్కో" అన్నాడు. బ్యాటరీ మోటారు పెట్టుకుంటానంటే పాత లిథియం బ్యాటరీ రాత్రిళ్ళు ఇంట్లో చార్జింగుకి పెట్టొద్దనీ, అగ్గి పుడితే నీళ్ళకి లొంగదనీ హెచ్చరించాడు.

ఇక చట్టం మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను కాగితంలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. నడవలేనివారి కోసం మార్చుకునే బండ్లకి చట్టంలోనే వెసులుబాటు ఉంది. 250 వాట్ల లోపు మోటారుతో 25 కిలోమీటర్ల వేగం దాటని బ్యాటరీ బండికి రిజిస్ట్రేషను అక్కర్లేదన్నారు గానీ, అది కూడా ప్రభుత్వం గుర్తించిన సంస్థ పరీక్షించి ఆమోదించిన నమూనా అయి ఉండాలి. అంటే పెరట్లో పుట్టిన బండి పెరట్లోనే ఉండాలి. మొదట్లో నాకిది కొంచెం అన్యాయమనిపించింది. పెరట్లో పుట్టిన బండే కదా రేపటి హోండా! కానీ రోడ్డు మీద మా వాడొక్కడే ఉండడు. బడికెళ్ళే పిల్లలుంటారు, కూరల తట్టతో వచ్చే ముసలమ్మ ఉంటుంది. వాళ్ళెవరూ మా వాడి ప్రయోగానికి ఒప్పుకోలేదు కదా.

ఆ రాత్రి భోజనాల దగ్గర నా తీర్పు చెప్పాను. ఒకటి, గేటు దాటకూడదు. రెండు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ వేరువేరు బ్రేకులు, సువేగా చక్రాలకున్న డ్రమ్ము బ్రేకులే శుభ్రం చేసి పెట్టాలి, వైర్లు కొత్తవి. డబ్బు నేనిస్తాను. మూడు, చైనుకీ వెనక చక్రానికీ అడ్డు ఉండాలి. మన దేశపు నిబంధనల్లో వెనక చక్రం సగమైనా కప్పే కవచం ఉండాలని ఉంది, చీర చుట్టుకోకుండా. మనవాళ్ళు దానికి శారీ గార్డు అనే పేరు పెట్టారు.

"ఇక్కడ చీరతో ఎక్కేదెవరత్తమ్మా?" అన్నాడు.

"నేనే. నేనెక్కి, నేనాపాక, అప్పుడు నీ వంతు" అన్నాను. మా ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసి నా వంక చూశారు. మా అత్తగారు మాత్రం, "సువేగా మీద మీ మామయ్య వెనక నేను చెరువు కట్టదాకా వెళ్ళొచ్చిన దాన్నే" అని మెల్లిగా అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నేను వినడం అదే మొదలు.

సరిగ్గా వారానికి కబాడీ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. తరాజు దించబోతే, "ఇనుము అమ్మడం లేదయ్యా" అన్నాను. వాడు పెరట్లోకి తొంగి చూశాడు. మా వాడు నేల మీద కూర్చుని బ్రేకు డ్రమ్ము తోముతున్నాడు. కబాడీ అబ్బాయి ఏమీ అనకుండా బండి దగ్గరికి వెళ్ళి, గోనెసంచీలో చెయ్యి పెట్టి, వంకర తిరిగిన శారీ గార్డొకటి తీశాడు.

"బాబుకి పనికొస్తదేమో సూడమ్మా. ఎనభై ఇయ్యి" అన్నాడు.

యాభైకి బేరమాడి కొన్నాను.